హెచ్‌ఐవీ మందులపై ఆ వార్త సరికాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల క్రితం మీ ఆరోగ్య పేజీలో ‘మందులు వాడుతున్నా ఆగని హెచ్‌ఐవీ మరణాలు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. కోపంలో ఏం రాస్తానోనని ఇన్నాళ్లూ ఆగాను. కోపమైతే తగ్గలేదు. రెండుసార్లు చదివాను. ఎంతమంది పోయారో ఉంది, దేనివల్ల పోయారో ఒక్క వాక్యం లేదు. చదివినవాళ్లకు ఈ మందులు వేసుకున్నా ఒకటే, మానేసినా ఒకటే అనిపిస్తుంది. అది నమ్మి ఎవరైనా మాత్రలు ఆపేస్తే బాధ్యత ఎవరిది?

2004లో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి దాదాపు 20 లక్షలున్న ఎయిడ్స్ మరణాలు 2023 నాటికి 6 లక్షల 30 వేలకు దిగాయంటే ప్రధానంగా ఈ ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల వల్లే. మందులు మొదలుపెట్టాక కూడా పోయేవాళ్లలో చాలామంది తొలి నెలల్లోనే పోతున్నారు. ఎందుకంటే వాళ్లు వచ్చేసరికే సీడీ4, అంటే రక్తంలో రోగాలతో పోరాడే కణాల లెక్క, 200 కంటే బాగా కిందికి పడిపోయి ఉంటుంది, ఒంట్లో ఏదో ఒక జబ్బు దాక్కుని ఉంటుంది. ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది ఇప్పటికీ టీబీయే. శవపరీక్షలో టీబీ బయటపడినవాళ్లలో దాదాపు సగం మందికి, బతికుండగా ఆ జబ్బు ఉన్నట్టే ఎవరూ కనిపెట్టలేదు.

మా తమ్ముడి సంగతి చెప్తాను. మందులు మొదలుపెట్టిన రోజు సీడీ4 పరీక్ష చేయలేదు. అడిగితే “ఇప్పుడు అందరికీ ఇచ్చేస్తున్నామమ్మా, దానితో పని లేదు” అన్నారు. సీడీ4 ఎంతున్నా మందులివ్వాలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, మంచిదే. అంతమాత్రాన మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో చూడక్కర్లేదా? రెండో వారంలో తలనొప్పి మొదలైంది. పారాసిటమాల్ ఇచ్చి పంపారు. వెలుతురు భరించలేక కళ్ల మీద తువ్వాలు కట్టుకుని పడుకునేవాడు. మళ్లీ తీసుకెళ్తే కొత్త మందులు కదా, అలవాటు పడాలి, టెన్షన్ పడొద్దన్నారు. ఐదో వారంలో వెన్నులోంచి నీరు తీసి చూస్తే క్రిప్టోకోకల్ మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు పట్టే ఫంగస్. అప్పుడు చేసిన పరీక్షలో సీడీ4 38.

వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తే పది నిమిషాల్లో ఆ ఫంగస్ జాడ తెలిసే పరీక్ష ఉంది. తలనొప్పి రాకముందే, వారాల ముందే పట్టేస్తుంది. మెదడుకు పాకిందని తేలితే ముందు ఫంగస్‌కు వైద్యం చేసి, 4 నుంచి 6 వారాల తర్వాతే ఏఆర్‌టీ మొదలుపెడతారు. మా వాడికి అదేదీ జరగలేదు. చివరి మూడు రోజులు స్పృహ లేదు. నలభై ఒకటో రోజున పోయాడు. రెండో సీసాలో 22 మాత్రలు మిగిలాయి, నేనే లెక్కపెట్టాను.

మరణ కారణం దగ్గర ‘హెచ్‌ఐవీ’ అని ఒక్క ముక్క రాసిచ్చారు. మీరు వేసిన అంకెలు ఇలాంటి కాగితాల నుంచే కదా వచ్చేది! అసలు కారణమే రాయకపోతే ఆ ఫంగస్ పరీక్ష కిట్లు కొనాలని ఏ అధికారికి తడుతుంది? బాగా ముదిరి వచ్చినవాళ్లకు టీబీ, ఫంగస్ పరీక్షలు, వాటిని అడ్డుకునే మందులు కలిపి ఇవ్వాలని 2017లోనే మార్గదర్శకాలు వచ్చాయి. సమీక్షల్లో మాత్రం ఎంతమందికి మందులు మొదలుపెట్టామన్నదే చెప్తారు. వాళ్లలో ఏడాది తర్వాత ఎందరున్నారని అడిగితే నీళ్లు నములుతారు. మధ్యలో ఆపేసినవాళ్ల పేరు ఎదురుగా ‘రావడం లేదు’ అని రాసి వదిలేస్తారు. రావడానికి అసలు వాళ్లు బతికే ఉన్నారో లేదో ఎవరైనా ఇంటికెళ్లి చూశారా?

ఏళ్ల తరబడి మందులు సరిగ్గా వాడేవాళ్ల కష్టం వేరు. వాళ్లను గుండెజబ్బు, కాలేయం, కిడ్నీలు, క్యాన్సర్ దెబ్బతీస్తున్నాయి. బీపీ, షుగర్ చూడడం, హెపటైటిస్ బి ఉందేమో పరీక్షించడం, సిగరెట్ మాన్పించడం కూడా హెచ్‌ఐవీ వైద్యంలో భాగమే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రతో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో గుండెపోటు లాంటి ముప్పులు మూడో వంతుకు పైగా తగ్గాయని 2023లో వచ్చిన రిప్రైవ్ అధ్యయనం తేల్చింది. అలాంటి కబురు ఆరోగ్య పేజీలో ఎప్పుడైనా వేశారా? ఆటల వార్తకు ఆట తెలిసినవాళ్లను పెడతారు, ప్రాణాల వార్తకు ఒక డాక్టర్‌ను అడిగే తీరిక కూడా ఉండదు.

ఆ శీర్షిక ఎంత పెద్దగా వేశారో సవరణ కూడా అంత పెద్దగా, అదే పేజీలో వేయండి. నా పేరు మాత్రం వేయకండి. తమ్ముడి పిల్లలు బడికి వెళ్తున్నారు.

– ఒక పాఠకురాలు