పెనుకొండ నుంచి బెంగళూరు పీణ్యకు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో మాట్లాడితే ఏదీ పూర్తిగా చెప్పుకోలేకపోతున్నాం, అందుకే ఇంత పొడవున రాస్తున్నా. మొన్న నువ్వు అడిగావు కదా, "మన దగ్గర ఇన్ని ఫ్యాక్టరీలు వచ్చాయంటున్నారు, మరి బెంగళూరు రైళ్లు ఇంకా మన పిల్లలతోనే ఎందుకు నిండుతున్నాయి?" అని. అప్పటి నుంచి అదే ఆలోచన.

నువ్వు ఊరు వదిలేనాటికి మన పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర హైవే మీద ఏముండేది? వేరుశనగ చేలు, బీళ్లు. 2017 ఏప్రిల్‌లో కార్ల కంపెనీ కియాతో ఒప్పందం అయింది, 2019 ఆగస్టుకల్లా వాళ్ల సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చేసింది. 500 ఎకరాలకు పైగా స్థలం, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ప్లాంటు. 2023 జులైలో 10 లక్షలవ కారు బయటికొచ్చింది. వాన మొహం చూడని జిల్లాలో ఇంత పెద్ద ఫ్యాక్టరీ నడుస్తోందంటే హంద్రీ-నీవా కాలువ నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరడం వల్లే. భూమి చదును చేశారు, నీళ్లు తెచ్చారు, కరెంటు లాగారు. ఇదంతా ప్రభుత్వం చేసిన పనే, మెచ్చుకోవాల్సిందే. కానీ మనుషుల్ని మాత్రం అంత ముందుగా, అంత శ్రద్ధగా సిద్ధం చేయలేదు రా. నా బాధంతా అదే.

మా అక్క కొడుకు సంగతి చెబుతా. ఐటీఐలో ఫిట్టర్ చేశాడు, మార్కులు బాగానే వచ్చాయి. ఒక విడిభాగాల కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్తే సన్నటి కొలతలు తీసే వెర్నియర్ చేతికిచ్చి, ఒక షాఫ్ట్ (ఇనుప కడ్డీ) ముందు పెట్టి కొలత చెప్పమన్నారు. వాడు వెర్నియర్ బొమ్మ గీయగలడు, అది కొలవగలిగే అతి చిన్న కొలత, అదే లీస్ట్ కౌంట్, దాని సూత్రం గడగడా చెప్పగలడు. దాన్ని చేత్తో పట్టుకున్నది మాత్రం చాలా తక్కువ, ఎందుకంటే క్లాసు మొత్తానికీ ఉన్నవే కొన్ని. దవడలు ఎంత బిగించాలో తెలియక రెండుసార్లు రెండు కొలతలు చెప్పాడు. ఉద్యోగం రాలేదు. వాడు తెలివిలేనివాడా? కాదు. చేతికి అలవాటు లేదు, అంతే. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. ఆ రాత్రి మా అక్క మొహం చూడలేకపోయా.

2019లోనే మన రాష్ట్రం చట్టం చేసింది, ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని. విన్నప్పుడు ఊళ్లో అందరం సంబరపడ్డాం. అర్హులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇచ్చి మూడేళ్లలో తయారుచేసుకోవాలని కూడా అందులో ఉంది. నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం ఆ శిక్షణ మాటే. దాన్ని పక్కన పెట్టి అందరూ శాతం గురించే కొట్లాడుకున్నారు. విషయం హైకోర్టుకు వెళ్లింది, ఇది రాజ్యాంగానికి విరుద్ధం కావచ్చని కోర్టు అంది. హర్యానా కూడా ఇలాంటి చట్టమే చేస్తే 2023 నవంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

ఇంకో మాట, ఇది నీకే ఎక్కువ తెలియాలి. 2024 జులైలో కర్ణాటక వాళ్లు కూడా స్థానికుల కోటా బిల్లు తెచ్చి, కంపెనీలు గోల చేస్తే రెండు రోజుల్లో ఆపేశారు. అది చట్టమై ఉంటే నీ సంగతేంటి? హిందూపురం దాటితే కర్ణాటకే. మనం సగం మాటలు కన్నడంలోనే మాట్లాడుకుంటాం, అయినా కాగితం మీద నువ్వు బయటివాడివే. మన గేటు మనం మూస్తే పక్కవాడూ మూస్తాడు. పీణ్య ఫ్యాక్టరీల్లో పనిచేసి మనవాళ్లు ఎన్ని వేల ఇళ్లు నిలబెట్టుకున్నారో నీకు తెలియనిదా?

అలాగని అంతా నిరాశే కాదు. కియా కోసం స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్లు డిప్లొమా పిల్లలకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు, అలా లోపలికి వెళ్లినవాళ్లు నిలదొక్కుకున్నారు. ఇంకా తెల్లారకముందే మన క్రాస్ దగ్గర కంపెనీ బస్సు ఆగుతుంది. టిఫిన్ డబ్బా, మెళ్లో ఐడీ కార్డు, తల్లో కనకాంబరాలు, గార్మెంట్స్‌కి వెళ్లే ఆడపిల్లలు ఎక్కుతుంటే చూడాలి నువ్వు. బెంగళూరులో హాస్టల్ అంటే ఏ తండ్రీ ఒప్పుకోడు. బస్సు ఊళ్లోకే వచ్చి, రాత్రికి ఇంట్లో దించుతుందంటే ఒప్పుకుంటున్నారు. జీతం తక్కువే, కాంట్రాక్టు టెన్షన్ ఉండనే ఉంది. అయినా ఆ పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతోంది. ఊరికో బస్సు వేయించడం కూడా ఉపాధి పథకమే అంటాను నేను.

ఉపాధి హామీ దేశంలో మొదలైందే మన పక్కన బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఏడాదికి 100 రోజుల పని అన్నారు. కరువు ఏడాదుల్లో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించిందో కళ్లారా చూశాం, దాన్ని తక్కువ చేయను. కానీ ఐటీఐ చదివిన కుర్రాడికి కావాల్సింది మట్టి తవ్వే పని కాదు కదా. 2024 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్లలో 1000 ఐటీఐలను బాగుచేస్తామన్నారు. అందులో మన వెనకబడిన మండలాలవి ముందుండాలని నా కోరిక. ఎమ్మెల్యేకి అర్జీ రాశాం, సర్పంచ్ సంతకం కూడా అయింది.

ఇప్పుడు నీతో పని. పనిముట్లు, అచ్చులు చేసే టూల్‌రూమ్‌లో ఇన్నేళ్లు చేశావు, నీకంటే బాగా చెప్పేవాళ్లు ఎవరున్నారు? దసరాకి వచ్చినప్పుడు ఒక రెండు రోజులు మన పిల్లలకు కొలతలు నేర్పించు. ఐటీఐ ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతా. పీణ్యలో సెకండ్ హ్యాండ్ వెర్నియర్లు, మైక్రోమీటర్లు దొరికితే ఓ పది చూడు, బాగా అరిగిపోయినవి వద్దు. డబ్బులు ఇక్కడ మన బ్యాచ్ వాళ్లం తలా కొంచెం వేసుకుంటాం. రేటెంతో కనుక్కుని వెంటనే చెప్పు, ఆదివారం అందరం కలుస్తున్నాం.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ మామ