సొరుగులో పడున్న చెవి మిషన్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. బీపీ గురించి, షుగర్ గురించి, మోకాళ్ల నొప్పుల గురించి ఎన్నోసార్లు వచ్చింది, కంటి శుక్లాల గురించి కూడా వచ్చింది, కానీ చెవి మిషన్ కొన్నాక దాన్ని ఎలా వాడాలి, ఎలా చూసుకోవాలి అనే సంగతి మాత్రం నాకు ఇంతవరకూ కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా నాన్నగారికి చెవి మిషన్ పెట్టించి ఆరేళ్లయింది. మొదటి ఏడాదిలో నాలుగు నెలలు అది సొరుగులోనే ఉంది. "పెట్టుకున్నా వినపడట్లేదమ్మా" అని ఆయన చెప్తూనే ఉన్నారు, మేమేమో "అలవాటు చేసుకోవాలి నాన్నా, మీకు ఓపిక లేదు" అని తిరిగి ఆయన్నే అన్నాం. కొన్నాళ్లకు ఆయన చెప్పడం మానేశారు, మిషన్ తీసి లోపల పెట్టేశారు, నలుగురం కూర్చుని మాట్లాడుకుంటుంటే వచ్చి కూర్చోవడం కూడా మానేశారు. చివరికి ఒక ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ సరిచేసే నిపుణురాలు, దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మిషన్ కొస చూసి, ఆవగింజంత తెల్లటి జాలీ లాంటిది ఒకటి ఊడదీసి కొత్తది పెట్టారు. రెండు నిమిషాల పని. దాన్ని వ్యాక్స్ గార్డ్ అంటారట. చెవిలో గుబిలి దానికి అడ్డుపడి, లోపల్నుంచి శబ్దం బయటికి రాకుండా మూసేసింది, అంతే. మిషన్ బాగానే ఉంది. నాన్న చెప్పిందీ నిజమే. నాలుగు నెలలు మేమే ఆయన మాట నమ్మలేదు, ఆ రోజు ఇంటికొచ్చాక నాకు చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ముసలివాళ్లు చెవి మిషన్ పెట్టుకోరు, మొండికేస్తారు అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. నేను చూసినంతలో చాలాసార్లు అది మొండితనం కాదు. ఆ మిషన్‌కి రోజూ చేయాల్సిన చిన్న చిన్న పనులుంటాయి, అవి చేసేవాళ్లు లేక అది మూగబోతుంది, మూగబోయినదాన్ని చెవిలో పెట్టుకుని ఎవరు మాత్రం తిరుగుతారు? డెబ్బై దాటిన మనిషికి చూపు సరిగా ఆనదు, వేళ్లు వణుకుతాయి, ఆ వేళ్లతో గింజంత ముక్కల్ని మార్చుకోమంటే ఎలా కుదురుతుంది. ఇది ఇంట్లో ఇంకొకరు భుజాన వేసుకోవాల్సిన పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వినికిడి నివేదికలో, వినికిడి తగ్గి ఏదో ఒక సాయం అవసరమైనవాళ్లు ప్రపంచంలో 43 కోట్ల మంది ఉన్నారని, 2050కి అది 70 కోట్లు అవుతుందని రాశారు. అంటే ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు కదా.

వినికిడి ఎలా తగ్గుతుందో ముందు చెప్పాలి, అది తెలియకే ఇళ్లలో సగం అలకలు. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాల్నీ సమానంగా తగ్గించదు. కీచుగా ఉండే సన్నటి శబ్దాలు ముందు పోతాయి, బొంగురు శబ్దాలు మిగులుతాయి. మాటలో అచ్చులు నిండుగా వినపడతాయి గానీ స, చ, త, ప, క లాంటి హల్లులు పలచగా ఉంటాయి కాబట్టి జారిపోతాయి. మనం "చాలు" అన్నా "కాలు" అన్నా "పాలు" అన్నా వాళ్ల దాకా వెళ్లేసరికి "ఆలు" ఒక్కటే మిగులుతుంది, మొదటి అక్షరం వాళ్లు ఊహించుకోవాలి. "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్లు అంటే అది తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు, అచ్చంగా వాళ్లకి జరుగుతున్నది అదే. ఇంకో సంగతి ఏంటంటే, లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం వినపడదు, కాస్త పెద్దదైతే భరించలేరు, ఆ రెంటి మధ్య ఉండాల్సిన జాగా ఇరుకైపోతుంది. మెల్లగా చెప్తే "ఏంటీ" అంటారు, గట్టిగా చెప్తే "ఎందుకలా అరుస్తావు" అని నొచ్చుకుంటారు. మంచి మిషన్ చేసే పని ఇక్కడే ఉంది, చిన్న శబ్దాన్ని ఎక్కువ పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని తక్కువ పెంచుతుంది, అదీ ఆ మనిషి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష చార్టు చూసి, సన్నటి శబ్దం దగ్గర ఎంత, బొంగురు శబ్దం దగ్గర ఎంత వినికిడి తగ్గిందో దాన్నిబట్టి. అందుకే ఒకరి మిషన్ ఖాళీగా ఉంది కదా అని ఇంకొకరికి తగిలించకూడదు. అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచి వదిలేసే చవక యాంప్లిఫయర్ని చెవి మిషన్ అనుకుని కొనకూడదు కూడా.

కళ్లజోడు పెట్టుకోగానే అక్షరం కనపడుతుంది, చెవి మిషన్ అలా కాదు. ఏళ్ల తరబడి వినని శబ్దాలన్నీ ఒక్కసారి మీద పడతాయి, ఫ్యాను, కుళాయి, కాగితం చప్పుడు, గిన్నెల చప్పుడు, అడుగుల చప్పుడు. వీటిలో ఏది అక్కర్లేదో పక్కన పెట్టడం మెదడు మర్చిపోయి ఉంటుంది, మళ్లీ నేర్చుకోవడానికి కొన్ని వారాలు, కొందరికి నెలలు పడుతుంది. సొంత గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది మొదట్లో, చాలామంది దానికే భయపడి తీసేస్తారు. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు రోజూ కొన్ని గంటలు పెట్టుకుని, తర్వాత టీవీ దగ్గర, ఆ తర్వాత నలుగురిలోకి, అలా పెంచుకుంటూ పోవాలి. గుంపులోకి వెళ్లేటప్పుడే పెట్టుకుంటాను, ఇంట్లో ఎందుకు అనేవాళ్లకు అది ఎప్పటికీ అలవాటు కాదు, ఎందుకంటే గుంపే అన్నిటికన్నా కష్టమైన చోటు. ఇప్పటి డిజిటల్ మిషన్లు చాలావాటిలో రోజుకి సగటున ఎన్ని గంటలు వాడారో నమోదవుతుంది, ఆడియాలజిస్టు కంప్యూటర్‌కి కలిపి చూస్తారు. ఆ లెక్క చూసుకుని, ఏ శబ్దం ఇబ్బంది పెడుతోందో చెప్తే సెట్టింగ్ మారుస్తారు. మొదటి కొన్ని నెలల్లో రెండు మూడుసార్లయినా వెళ్లాల్సిందే, ఒక్కసారి సెట్ చేసి జీవితాంతం వాడే వస్తువు కాదిది. వెళ్లేటప్పుడు ఊరికే "బాగాలేదు" అని కాకుండా, ఎక్కడ, ఎవరి మాట, ఏ చప్పుడు అని ఒక కాగితం మీద రాసుకెళ్లండి, మాకు దానివల్లే పని తేలికైంది.

ఇక రోజూ చేసే పని. రాత్రి పడుకునే ముందు నాన్న మిషన్లు తీసి నా చేతికిస్తారు. పొడి మెత్తటి గుడ్డతో తుడుస్తాను, చిన్న బ్రష్‌తో కొసని దులుపుతాను, దులిపేటప్పుడు కొస నేలవైపు వంచి పట్టుకోవాలి, లేకపోతే గుబిలి పొడి లోపలికే పోతుంది. నీళ్లు, స్పిరిట్, శానిటైజర్ ఏవీ తగలనివ్వకూడదు. పిన్నీసుతో పొడవకూడదు. చెవి అచ్చు తీసి పోసిన మౌల్డ్ ఉన్న మిషన్ అయితే, మౌల్డ్‌ని గొట్టంతో సహా మిషన్ నుంచి విడదీసి, దాన్ని మాత్రం గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగొచ్చు, తర్వాత గొట్టంలో ఒక్క చుక్క తడి లేకుండా ఆరాకే మళ్లీ తగిలించాలి. ఆ గొట్టం కొన్ని నెలలకు పసుపు రంగుకి తిరిగి గట్టిపడుతుంది, అప్పుడు మార్పించాలి. చెవిలో గుబిలి కోసం బడ్స్ పెట్టి తిప్పకండి, అది లోపలికి కుక్కడమే, డాక్టర్ చేత తీయించండి.

తేమ ఈ మిషన్‌కి పెద్ద శత్రువు. చెమట చాలు పాడవడానికి. సెల్లు వేసే మిషన్ అయితే రాత్రి సెల్లు తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డ్రై బాక్సులో పెట్టేస్తాను. ఛార్జింగ్ మిషన్ అయితే ఛార్జర్లో పెడతారు, ఆరబెట్టే ఏర్పాటు దానిలోనే ఉందో లేదో అడిగి తెలుసుకోండి. స్నానానికి ముందు తీయాలి, తల తుడుచుకుని చెవి పొడిగా అయ్యాకే పెట్టుకోవాలి. పౌడరు, తలనూనె, సెంటు అన్నీ అయ్యాక చివర్లో మిషన్. పొరపాటున తడిస్తే హెయిర్ డ్రయర్ పెట్టకండి, ఆ వేడికి లోపలి భాగాలు పోతాయి.

సెల్లు విషయం మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా కొత్తలో ఆ కంగారులో చెవికెక్కలేదో మరి. వీటిని జింక్ ఎయిర్ సెల్లులు అంటారు, గాలి తగిలితేనే పనిచేస్తాయి. రంగు స్టిక్కరు పీకాక వెంటనే వేయకుండా నాలుగైదు నిమిషాలు అలా బయట ఉంచితే గాలి బాగా పట్టి ఎక్కువ రోజులు వస్తుంది. ఒకసారి పీకిన స్టిక్కరు మళ్లీ అతికించినా లాభం లేదు, అది అయిపోతూనే ఉంటుంది, కాబట్టి ప్యాకెట్లోవన్నీ ఒకేసారి పీకి పెట్టుకోకండి. స్టిక్కరు రంగే సైజు గుర్తు, 10 అయితే పసుపు, 312 అయితే బ్రౌన్, 13 నారింజ, 675 నీలం, ఏ కంపెనీదైనా ఇదే. సైజుని బట్టి, వాడకాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా వస్తుంది, పైగా మెల్లగా తగ్గదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది, అందుకే బయటికెళ్తే జేబులో ఒకటి ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, పసిపిల్లలకి అందనివ్వొద్దు. పిల్లలు మింగినా, ముక్కులో చెవిలో దూర్చుకున్నా లోపల కాలిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. పెద్దవాళ్లు మాత్ర అనుకుని మింగిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి మందుల డబ్బా పక్కన ఈ సెల్లులు పెట్టకండి.

కుయ్యిమని కూత వస్తుంటే చాలామంది మిషన్ పాడైందనుకుంటారు. మిషన్ బయటికి పంపిన శబ్దం మళ్లీ దాని మైకులోకే దూరితే ఆ కూత వస్తుంది. మౌల్డ్ సరిగ్గా కూర్చోకపోయినా, వదులైనా, చెవి నిండా గుబిలి ఉన్నా, చెయ్యో శాలువానో అడ్డం వచ్చినా అంతే. తీసి మళ్లీ సరిగ్గా పెట్టి చూడండి, తగ్గకపోతే చూపించండి. కూత భరించలేక సౌండ్ తగ్గించుకుని కూర్చుంటే మాటా వినపడదు. ఎర్ర గుర్తు కుడి చెవిది, నీలం గుర్తు ఎడమ చెవిది, అటుదిటు అయినా సరిగ్గా కూర్చోదు. ఫోన్ విషయంలో కూడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, చెవి వెనక పెట్టుకునే మిషన్‌కి మైకు చెవి పైభాగంలో ఉంటుంది, కాబట్టి ఫోను చెవి రంధ్రానికి కాదు, కాస్త పైకి జరిపి మిషన్‌కి దగ్గరగా పట్టుకోవాలి. మాస్కు తీసేటప్పుడు మిషన్ కూడా దానితో పాటు ఊడి పడిపోతుంది, చెయ్యి అడ్డం పెట్టుకుని తీయాలి.

మిషన్ ఎంత బాగున్నా ఇంట్లోవాళ్ల పద్ధతి మారకపోతే సగమే ఉపయోగం. పక్క గదిలోంచి కేకేస్తే వినపడదు. దగ్గరికెళ్లి, ముందు పేరు పెట్టి పిలిచి, మొహంలోకి చూస్తూ, కొంచెం నెమ్మదిగా, మామూలు గొంతుతో చెప్పాలి. దీపం మన మొహం మీద పడాలి, వీపు మీద కాదు, ఎందుకంటే వాళ్లు తెలియకుండానే పెదాలు చూసి సగం పట్టుకుంటారు. ఒక మాట అర్థం కాకపోతే అదే మాట నాలుగుసార్లు అరవకుండా వేరే మాటల్లో చెప్పండి. దయచేసి "ఏం లేదులే, వదిలెయ్" అనకండి. ఆ ఒక్క మాటకి మా నాన్న మొహం ఎలా మారేదో నాకిప్పటికీ గుర్తుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బు) ముప్పు పెంచే 14 అంశాల్ని, మనం ఏదైనా చేయగలిగినవాటిని, లెక్కపెట్టింది, వాటిలో వినికిడి లోపం ఉంది. మాట కలపకుండా మూలన కూర్చోబెడితే మనిషి ఎలా తగ్గిపోతాడో మేం ఆ నాలుగు నెలల్లో కళ్లారా చూశాం.

ఇంకొకటి కూడా దీనితో పాటు వేయండి. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినపడకుండా పోతే అది గుబిలేలే అని ఊరుకోకూడదు, వెంటనే చెవి డాక్టర్‌కి చూపించాలి, ఎంత తొందరగా మందు మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. చెవిలోంచి చీము కారుతున్నా, నొప్పిగా ఉన్నా మిషన్ తీసేసి ముందు డాక్టర్ దగ్గరికే.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేవి రెండే. ఈ వివరాలన్నీ ఒక ఆడియాలజిస్టు చేత సరిచూయించి, బొమ్మలతో, పెద్ద అక్షరాలతో అర పేజీ వేయండి, కత్తిరించి గోడకి అంటించుకునేలా ఉండాలి. రెండోది, ఎవరో ఎవరి మాటో వినలేదని రాయాల్సినప్పుడల్లా "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని హెడ్డింగ్ పెట్టడం మానండి. మా నాన్నగారు పేపర్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు, ఆ హెడ్డింగ్ వచ్చిన రోజు ఆయన ఆ పేజీ దగ్గర ఆగి, ఏమీ అనకుండా తిప్పేయడం నేను చూశాను.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా సొరుగులో మిషన్ ఉంటే ఇవాళే బయటికి తీయండి. సెల్లు మార్చి, కొసన జాలీ మూసుకుపోయిందేమో వెలుతురులో చూడండి. తెలియకపోతే అలాగే తీసుకెళ్లి ఆడియాలజిస్టుకి చూపించండి, పెట్టుకునే పెద్దాయన్ని కూడా వెంట తీసుకెళ్లండి.

ఇట్లు,
మీ పాఠకురాలు