ఆ తొమ్మిది మందీ గీత దాటారు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ క్రీడల పేజీలో ‘తొలి మహిళ’ కథనాలు తరచూ వస్తుంటాయి. ఫలానా ఆటలో అడుగుపెట్టిన తొలి మహిళ, ఫలానా పతకం గెలిచిన తొలి మహిళ. వాటిని ఇష్టంగా చదువుతాను, పిల్లల చేత చదివిస్తాను. అయితే ఆ కథనాల్లో ఒక లోటు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఆమె పట్టుదల గురించి రాస్తారు, పడిన కష్టాల గురించి రాస్తారు. ఆమెను అడ్డుకున్నది ఎవరో, ఏ నిబంధన చూపించి అడ్డుకున్నారో, ఆ నిబంధన ఎన్నేళ్లు చెలామణీ అయిందో మాత్రం రాయరు. దాంతో ఆ అడ్డంకి దారిలో కొండలాగా దానంతట అదే వెలిసిందని పిల్లలు అనుకుంటారు. అది మనుషులు పెట్టిన అడ్డంకి. సమావేశాల్లో కూర్చుని, తీర్మానాలు చేసి మరీ పెట్టారు. వాటిలో ఒకదానికి, అంటే 1928 తర్వాత ఒలింపిక్స్ నుంచి మహిళల 800 మీటర్ల పరుగును తీసేయడానికి, ఊపిరి పోసింది పత్రికలే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ జరిగేదాకా మహిళలకు ఒలింపిక్స్‌లో పరుగు పందేలే లేవు. ఆ ఏడాది వచ్చినవి కూడా ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఫ్రాన్స్‌కు చెందిన అలీస్ మిలియా మహిళలకూ అథ్లెటిక్స్ పెట్టమని అడిగితే ఒలింపిక్స్ పెద్దలు కాదన్నారు. ఆమె ఊరుకోకుండా 1921లో మహిళల కోసం అంతర్జాతీయ క్రీడా సమాఖ్యను స్థాపించారు. మరుసటి ఏడాదే పారిస్‌లో ‘మహిళల ఒలింపిక్స్’ జరిపించారు. ఒక్క రోజు పోటీలకు 20 వేల మంది దాకా ప్రేక్షకులు వచ్చారు. అప్పుడు గానీ పెద్దలకు కంగారు పుట్టలేదు. చివరికి రాజీ కుదిరి, మిలియా తన క్రీడలకు ‘ఒలింపిక్స్’ అన్న పేరు వదులుకున్నారు, అవతలివాళ్లు అసలు ఒలింపిక్స్‌లో మహిళలకు ఐదంటే ఐదు అథ్లెటిక్స్ పోటీలు ఇచ్చారు. ఐదే ఇచ్చినందుకు నిరసనగా బ్రిటన్ మహిళా అథ్లెట్లు ఆమ్‌స్టర్‌డామ్‌కు రాలేదు. ఆ నిరసనను ఏ కథనంలోనూ గుర్తు చేయకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. వెళ్లి గెలిచినవాళ్ల తెగువకు అది ఏమాత్రం తీసిపోదు.

ఆ ఐదింటిలో 800 మీటర్ల పరుగు ఒకటి. ఆగస్టు 2న ఫైనల్ జరిగింది. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. జపాన్‌కు చెందిన కినుయె హితోమి రెండో స్థానంలో, స్వీడన్‌కు చెందిన ఇంగా గెంట్సెల్ మూడో స్థానంలో వచ్చారు. ముగ్గురూ పాత ప్రపంచ రికార్డు కన్నా వేగంగా పరుగెత్తినవారే. వాళ్ల వెనకాల జరిగినది ఇంకా ముచ్చటైనది. కెనడా తరఫున పరుగెత్తిన జీన్ థాంప్సన్‌కు అప్పుడు 17 ఏళ్లు. ఆ అమ్మాయి చివర్లో తడబడుతుంటే, అదే జట్టుకు చెందిన ఫానీ రోజెన్‌ఫెల్డ్ వెనక నుంచి దూసుకొచ్చి పక్కన చేరారు. దాటిపోయే సత్తా ఉండి కూడా దాటలేదు. ధైర్యం చెబుతూ పరుగెత్తి, నాలుగో స్థానం ఆ చిన్నపిల్లకు వదిలి తాను ఐదో స్థానంలో ముగించారు.

పత్రికలు చాలావరకు వీటిని పక్కన పెట్టేశాయి. ఆడవాళ్లు కుప్పకూలారని, చూడలేకపోయామని రాశారు. పదకొండు మంది పరుగెత్తితే ఐదుగురు మధ్యలోనే ఆగిపోయారని, మరో ఐదుగురు గీత దాటి పడిపోయారని ఒక అమెరికన్ పాత్రికేయుడు లెక్క కూడా చెప్పాడు. బరిలో ఉన్నది తొమ్మిది మంది. తొమ్మిది మందీ పూర్తి చేశారు. ఆ పందెం చలనచిత్రం ఇప్పటికీ ఉంది. అందులో గీత దగ్గర పడినట్టు కనిపించేది ఒక్కరే, ఆమె కూడా వెంటనే లేచారు. ప్రాణం పెట్టి పరుగెత్తినవాళ్లు ఆయాసంతో కాసేపు గడ్డి మీద వాలడం ఏ మైదానంలోనైనా చూస్తాం. మగవాళ్లు వాలితే శ్రమ అన్నారు, ఆడవాళ్లు వాలితే ప్రమాదం అన్నారు.

ఇది కోపంతో అంటున్న మాట కాదు, లెక్క చూడండి. 1908 లండన్ మారథాన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి గీతకు ముందు పలుమార్లు పడిపోయాడు. అధికారులే లేపి గీత దాటించారు. అందుకు పతకం పోయినా రాణి చేతుల మీదుగా కప్పు అందింది. 1912 స్టాక్‌హోమ్ మారథాన్‌లో పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లాజరో కుప్పకూలి చనిపోయాడు. పురుషుల మారథాన్‌ను ఎవరూ తీసేయలేదు. మహిళల 800 మీటర్ల పరుగును మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత తీసేశారు. 1960లో రోమ్‌లో మళ్లీ పెట్టేదాకా, అంటే 32 ఏళ్లపాటు, 200 మీటర్లకు మించి ఒలింపిక్స్‌లో మహిళలు పరుగెత్తే వీలే లేకపోయింది. ఆడవారి దేహానికి అంత ఓర్పు లేదని, త్వరగా ముసలివాళ్లవుతారని అప్పట్లో కొందరు డాక్టర్లు చెప్పేవారు. ఆ పందేనికి రెండేళ్ల ముందే, 1926 ఆగస్టులో, అమెరికాకు చెందిన గెర్ట్రూడ్ ఎడర్లే ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న ఇంగ్లిష్ చానల్‌ను 14 గంటలకు పైగా ఈది దాటారు. అంతవరకు ఏ పురుషుడూ అంత వేగంగా దాటలేదు. రెండు నిమిషాల చిల్లర పరుగు ప్రాణాంతకమని తేల్చినవాళ్లకు ఆ 14 గంటలు ఎందుకు గుర్తుకు రాలేదు?

ఒకసారి అచ్చయిన అబద్ధం ఎంత దూరం పోతుందో చూడండి. 1966లో బాబీ గిబ్ అనే యువతి అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు చేస్తే, అంత దూరం పరుగెత్తడం ఆడవాళ్లకు శారీరకంగా సాధ్యం కాదని జవాబు వచ్చింది. ఆమె మొదలయ్యే చోటుకు దగ్గర్లోని పొదల్లో దాక్కుని, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి, 3 గంటల 21 నిమిషాల్లో పూర్తి చేశారు. 1967లో అదే మారథాన్‌కు కాథరిన్ స్విట్జర్ తన పేరును పొడి అక్షరాలతో ‘కె.వి. స్విట్జర్’ అని రాసి 261 నంబరు తీసుకున్నారు. నిర్వాహకుల్లో ఒకరు దారిలో ఆమె మీద పడి ఆ నంబరు లాగేయబోయారు. ఆ ఫొటోలు లోకమంతా చూసింది. అదే రోజు గిబ్ మళ్లీ పరుగెత్తి, స్విట్జర్ కన్నా దాదాపు గంట ముందే గీత దాటారన్నది మాత్రం చాలామందికి తెలియదు. దాని తర్వాత అక్కడి అథ్లెటిక్ సంఘం చేసిన పని, పురుషులతో కలిసి మహిళలు పరుగెత్తకూడదని నిషేధించడం. బోస్టన్‌లో 1972 దాకా, ఒలింపిక్ మారథాన్‌కు 1984 దాకా ఆగాల్సి వచ్చింది.

మన పాఠకులకు దగ్గరి ఉదాహరణ కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో ఆమె గెలిచిన కాంస్యం గురించి మీరు ఎన్నోసార్లు రాశారు. కానీ ఆమె 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఆమె మంచి ఊపు మీద ఉండాలి. అక్కడ మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. 1896లో మొదటి ఒలింపిక్స్‌లోనే పురుషులు బరువులెత్తారు, మహిళలకు ఆ వేదిక 104 ఏళ్ల తర్వాత దక్కింది. ఆ కాంస్యం పక్కన ఈ సంగతి కూడా రాస్తేనే కదా ఆమె కోల్పోయినదేమిటో తెలిసేది.

ఇదంతా పాత కథ అనుకోవడానికీ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్త్రీ పురుషులకు సమాన సంఖ్యలో స్థానాలు ఇచ్చారు, సంతోషం. కానీ శీతాకాల ఒలింపిక్స్‌లో నార్డిక్ కంబైన్డ్ అనే పోటీ ఉంది. స్కీలపై ఎగిరి దూకడం, స్కీలతోనే మంచు మీద సాగే పరుగు, రెండూ కలిసినది. పురుషులకు 1924 నుంచి ఉంది. 2026 క్రీడల్లో మహిళలకూ పెట్టమంటే 2022లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కాదంది. పోటీపడే దేశాలు తక్కువ, చూసేవాళ్లు తక్కువ అన్నది కారణం. వేదికే ఇవ్వకుండా ప్రేక్షకులు లేరనడం ఏం న్యాయం? ఈ విషయంపై మన పత్రికల్లో నాలుగు వాక్యాలు కూడా నా కంటపడలేదు.

అందుకే నా విన్నపం. ‘తొలి మహిళ’ అని శీర్షిక పెట్టినప్పుడల్లా, అంతకుముందు అడ్డుకున్న నిబంధన ఏమిటో, దాన్ని ఎవరు ఎప్పుడు ఎత్తేశారో రెండు వాక్యాలైనా రాయించండి. ఓడినవాళ్ల ఫలితాలు కూడా వేయండి. గెలిచిన క్రీడాకారిణి పెళ్లి గురించి, పిల్లల గురించి అడిగే మొదటి ప్రశ్నను ఆట గురించి అడిగించండి. 1948లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫానీ బ్లాంకర్స్ కోయెన్ ఒకే ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిస్తే ఆమెను ‘ఎగిరే గృహిణి’ అన్నారు. అప్పటికి హైజంప్, లాంగ్‌జంప్ ప్రపంచ రికార్డులు కూడా ఆమె పేరిటే ఉన్నాయన్నది ఆ బిరుదు కింద పడి మరుగైపోయింది.

హితోమి ఒసాకాలో పత్రికా విలేఖరి. రోజెన్‌ఫెల్డ్ తర్వాతి కాలంలో ఏళ్ల తరబడి పత్రికలో క్రీడా శీర్షిక నడిపారు. అంటే ఆ రోజు పరుగెత్తినవాళ్లలో ఇద్దరు మీ వృత్తివాళ్లే. హితోమి 24 ఏళ్లకే, 1931లో సరిగ్గా అదే ఆగస్టు 2న న్యుమోనియాతో కన్నుమూశారు. వచ్చే ఆగస్టు 2న మీ క్రీడల పేజీలో చిన్న చోటు ఇచ్చి, 1928లో తప్పుగా అచ్చయిన ఆ ఫలితాన్ని సరిచేసి వేయండి. క్రమం ఇది: లీనా రాడ్కె, కినుయె హితోమి, ఇంగా గెంట్సెల్, జీన్ థాంప్సన్, ఫానీ రోజెన్‌ఫెల్డ్, ఫ్లోరెన్స్ మెక్‌డొనాల్డ్, మారీ డోలింగర్, గెర్ట్రూడా కిలోసువ్నా, ఎల్ఫ్రీడె వేవర్.

ఇట్లు,
మీ పాఠకురాలు