ఆ రాత్రి నా ఫోన్ నాకు చేర్చినవాళ్ళకి

ఈ పోస్టు ఎవరి కోసం రాస్తున్నానో వాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఆ రాత్రి "షియెషియె" అని, అంటే చైనీసులో థాంక్స్ అని, ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఎన్నిసార్లన్నా ఏదో మిగిలిపోయినట్టే అనిపించింది. వాళ్ళ పేర్లు మాత్రం రాయను, అడగకుండా రాయడం బాగుండదు.

మాది ఖమ్మం. రెండేళ్ళుగా చైనాలోని చోంగ్‌చింగ్‌లో, ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఉండేది షాపింగ్‌బా అనే పేటలో. షాపింగ్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. యాంగ్‌ట్సీ, జియాలింగ్ నదులు కలిసేచోట కొండల మీద లేచిన ఊరు ఇది. లిజిబా దగ్గర మెట్రో రైలు 19 అంతస్తుల భవనంలోకి దూరి అవతలివైపు బయటికొస్తుంది, మీలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు. మా అపార్ట్‌మెంట్‌కి రెండు గేట్లు. ఒకటి కింది రోడ్డు మీద, మొదటి అంతస్తులో. రెండోది పై రోడ్డు మీద, పదకొండో అంతస్తులో. రెండు రోడ్ల మీదా బస్సులు తిరుగుతాయి. ఈ గేట్ల గొడవ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

జాతీయ దినోత్సవం సెలవుల ఆఖరి రాత్రి చెంగ్‌డూ నుంచి రైల్లో తిరిగొచ్చాను. స్టేషన్ కిక్కిరిసిపోయి ఉంది. పైన సన్నగా వాన. పసుపు టాక్సీ ఎక్కాను, పై గేటు దగ్గర దిగాను, స్కాన్ చేసి డబ్బులిచ్చాను, సూట్‌కేసు లాక్కునే హడావిడిలో ఫోన్ వెనక సీట్లో వదిలేశాను. లిఫ్ట్ దగ్గర జేబు తడుముకుంటే గుండె గుభేలుమంది.

ఫోనే కదా, పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు అంటారేమో. కొనడానికి డబ్బులు కూడా అందులోనే ఉన్నాయి. మెట్రో టికెట్టు, స్కూల్ గ్రూపు, చైనీసు మాటని నాకు తెలుగు చేసిపెట్టే యాప్, అన్నీ అందులోనే. అది లేకపోతే నేను చెవిటిదాన్నీ మూగదాన్నీ. పర్సులో ఉన్నది ఒక్క వంద యువాన్ల నోటు.

మా గార్డు షూషూకి అరవై దాటి ఉంటాయి. షూషూ అంటే బాబాయి. నేను నేర్చుకున్నది పుస్తకాల చైనీసు, ఆయనది పక్కా చోంగ్‌చింగ్ యాస. టాక్సీ, ఫోన్ అని సైగలు చేసేసరికి ఆయనకి అర్థమై, గేటు కెమెరా వెనక్కి తిప్పి బండి నంబరు పట్టుకున్నాడు. ఆ నంబరు నాకు వేళ్ళతో చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఆరు నుంచి పది దాకా ఒంటిచేత్తోనే చూపిస్తారు. బొటనవేలూ చిటికెనవేలూ చాపితే ఆరు. బొటనవేలూ చూపుడువేలూ చాపితే ఎనిమిది, అచ్చం పిల్లలు తుపాకీ పట్టినట్టు. ఆయన రెండుసార్లు నాకు తుపాకీ చూపించాడు. లెక్కల టీచర్ని, నాకు ఎనిమిది అర్థం కాలేదు!

ఇంతలో గేటు పక్క నూడుల్స్ కొట్టు ఆయీ వచ్చింది. ఆయీ అంటే పిన్ని. కొట్టు కట్టేస్తున్నదల్లా ఆపి, ముందు నా చేతిలో వేడినీళ్ళ గ్లాసు పెట్టింది. జలుబు చేసినా, బస్సు తప్పినా, ఈ దేశంలో మొదటి వైద్యం వేడినీళ్ళే. తర్వాత మనవరాలిని పిలిచింది. ఆ పాపకి ఇంగ్లీషు బాగా వచ్చు. హోంవర్క్ పుస్తకం తెరిచే ఉంది, రెండో లెక్కలో గుర్తు తప్పు పడింది. అంత టెన్షన్‌లోనూ నా కన్ను దాని మీదే పడింది.

నీ నంబరెంత అంది పాప. పదకొండంకెలు. మొదటి మూడు తప్ప ఒక్కటీ గుర్తు రాలేదు. షూషూ రిజిస్టర్‌లో వెతికి ఇచ్చాడు. రింగవుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. రైల్లో సైలెంట్‌లో పెట్టింది నేనే. పాపే 110కి ఫోన్ చేసి పోలీసులకి అంతా చెప్పింది. వాళ్ళు వచ్చారు, కింది గేటుకి. మేం పై గేటు దగ్గర ఉన్నాం. మేం దిగేసరికి వాళ్ళు పైకొచ్చారు, మేం మళ్ళీ ఎక్కాం. పావుగంట ఇదే సరిపోయింది. షూషూ మాత్రం పడీ పడీ నవ్వాడు. చివరికి బండి నంబరును బట్టి పోలీసులే డ్రైవర్ని పట్టుకుని మాట్లాడారు. వెనక సీట్లో ఏమీ లేదన్నాడట. నా ప్రాణం ఉసూరుమంది.

మా అమ్మ రోజూ మన టైము ఎనిమిదికి వీడియో కాల్ చేస్తుంది. ఇక్కడ పదిన్నర. ఆ రాత్రీ చేసింది. సీటుకీ వీపుకీ మధ్య సందులో ఫోన్ వెలిగింది, డ్రైవర్ కంట పడింది. ఎత్తాడు. ఖమ్మంలో మా అమ్మకి తెర మీద ఎవరో చైనా ఆయన. ఆమె తెలుగులో కేకలు, ఆయన చోంగ్‌చింగ్ యాసలో సమాధానాలు. నాన్న వచ్చి చూసేసరికి కాల్ కట్టయిపోయిందట. ఆ గంటసేపు మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తే అది ఇంకో పోస్టు.

పదకొండున్నరకి పసుపు టాక్సీ మళ్ళీ పై గేటు ముందు ఆగింది. నది అవతల జియాంగ్‌బేలో సవారీ దించేసి, ఖాళీ బండితో అంత దూరం వచ్చాడాయన. ఫోన్ ఇస్తూ లాక్ స్క్రీన్ మీద ఫొటో చూపించి "మామా?" అన్నాడు. ఇక్కడ మామా అంటే అమ్మ. లకారం చెరువు గట్టు మీద నిలబడి ఉన్న మా అమ్మ. అవునన్నాను. ముందు ఆమెకి ఫోన్ చెయ్యి అని సైగ చేశాడు.

ఆయీ దగ్గర రెండొందల యువాన్లు బదులు తీసుకుని ఇవ్వబోతే మూడుసార్లు వెనక్కి నెట్టాడు. ఆయీ కట్టిన పొయ్యి మళ్ళీ వెలిగించి ఆయనకో గిన్నె నూడుల్స్ పెట్టింది. నాకు అడక్కుండానే మాంసం వేయకుండా చేసింది. ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు సాయంత్రం ఆయీకి మా ఇంటి కారప్పొడి పట్టుకెళ్ళాను. వాసన చూసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఎండుమిర్చి బస్తా చూపించింది. "యిందూ" అంది. ఇండియా సరుకు. చైనా మన తేజ మిర్చి బాగా కొంటుందనీ, ఖమ్మం మార్కెట్‌లో ధర లేచినా పడినా చైనా పేరు వినిపిస్తుందనీ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. రెండేళ్ళుగా ఈవిడ నాకు పెడుతున్న కారం ఎక్కడిదో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

షూషూ, ఆయీ, పాప, డ్రైవర్‌గారు, రెండు గేట్ల మధ్య వానలో తిరిగిన ఆ ఇద్దరు పోలీసులు, మీ అందరికీ నేనూ మా అమ్మా రుణపడి ఉన్నాం. ఈ పోస్టు పాప వాళ్ళ నాయనమ్మకి చదివి వినిపిస్తానంది, యాప్‌లో పెట్టి. ఆ యాప్ దీన్ని ఏం చేస్తుందో దేవుడికే తెలియాలి.

ఇక్కడికి మెడిసిన్ చదవడానికి వచ్చే మన పిల్లలకి ఒక మాట. టాక్సీ దిగేటప్పుడు "ఫాపియావ్" అని అడిగి రసీదు తీసుకోండి, బండి వివరాలు అందులో ఉంటాయి. మీ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

నాకైతే ఇప్పుడు కంఠతా వచ్చు. స్కూలుకి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర షూషూ ఆపి అడుగుతాడు. పదకొండంకెలూ ఒంటిచేత్తో చూపిస్తేగానీ వదలడు.