ఆ ముక్కలు అట్టే ఉంచు

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. అటక మీద నుంచి మాండొలిన్ కిందపడి మెడ దగ్గర విరిగిందనీ, రిపేరు షాపతను చూసి "ఇది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు" అన్నాడనీ చెప్పావు చూడు, ఆ రోజంతా నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. ఫోన్ చేద్దామంటే నాకు తీరిక దొరికేసరికి నీకు అర్ధరాత్రి. అందుకే ఈ ఉత్తరం. సోది ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టు.

పోయిన నెల ఇక్కడ అమెరికాలోనే నాష్‌విల్ అనే ఊరు వెళ్లాం. అక్కడి కంట్రీ మ్యూజిక్ మ్యూజియంలో అద్దం వెనక ఒక మాండొలిన్ ఉంది. పాలిష్ చాలావరకు లేచిపోయి, పెట్టెలో మగ్గిపోయిన పాత సామానులా ఉంది. పిల్లలు పదమంటున్నారు, నేను కదల్లేదు. అది బిల్ మన్రో అనే మాండొలిన్ విద్వాంసుడిది. బ్లూగ్రాస్ అనే అమెరికా తీగవాద్యాల సంగీతానికి ఆ పేరు వచ్చిందే ఈయన బృందం 'బ్లూ గ్రాస్ బాయ్స్' పేరు నుంచి.

1911లో కెంటకీలోని రోజీన్ దగ్గర పుట్టాడు. ఎనిమిదిమందిలో ఆఖరివాడు, పైగా మెల్లకన్ను. ఇంట్లో ఫిడేలు ఒక అన్న తీసుకున్నాడు, గిటారు ఇంకో అన్న తీసుకున్నాడు, ఎవరికీ అక్కర్లేని మాండొలిన్ వీడికి మిగిలింది. అదీ పూర్తిగా కాదు, ఎనిమిది తీగల్లో నాలుగు తీసేసి వాయించమన్నారట, చప్పుడు ఎక్కువవుతుందని! మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం కోసం జంట తీగలు వదిలేసి ఒంటి తీగలతో వాయించారంటే అది ఆయన ఇష్టం. ఇక్కడ మాత్రం పిల్లాడి నోరు నొక్కడమే. ఆ మంట ఆయనలో చివరిదాకా ఉందని నా అనుమానం.

పదేళ్లకు తల్లి, పదహారేళ్లకు తండ్రి పోయారు. తర్వాత మేనమామ పెండిల్టన్ వాండివర్ దగ్గర ఉన్నాడు. డాన్సులకు మామ ఫిడేలు వాయిస్తుంటే పక్కన వీడు గిటారు పట్టేవాడు. ఆ మామ మీద పాట కూడా కట్టాడు తర్వాత. ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడి దగ్గర బ్లూస్ అనే నల్లజాతివాళ్ల సంగీతం మీద పట్టు దొరికింది. ఆపైన ఇండియానాలో ఆయిల్ రిఫైనరీలో పీపాల పని, అన్న చార్లీతో జంటగా రికార్డులు, 1938లో ఇద్దరికీ చెడటం, 1939లో నాష్‌విల్ రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న సంగీత కార్యక్రమంలో చోటు. ఇదంతా గబగబా చెప్పేస్తున్నా, ఎందుకంటే నీకు పనికొచ్చేది ముందుంది.

వాళ్ల బృందంలో డ్రమ్స్ ఉండవు తెలుసా? ఆ పని మాండొలిన్ చేస్తుంది. తీగలు నొక్కిపట్టి ఒక్క దెబ్బ మీటి, వెంటనే వేళ్ల ఒత్తిడి వదిలేస్తే మోత సాగకుండా "చక్" అని తెగిపోతుంది. బాస్ అనే పెద్ద తీగవాద్యం "దుం" అంటే ఇది "చక్". నువ్వు పెళ్లి పందిట్లో తబలావాడు రానప్పుడు వాయించావే, అచ్చం అదే! 1945లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో మీటే బాంజో (గుండ్రటి డప్పులాంటి తీగవాద్యం) వచ్చి చేరాక ఇక ఆ వేగం చూడు, నాకైతే ఊపిరాడదు.

మనిషి మాత్రం మహా పంతగాడు. స్క్రగ్స్, బృందంలో గిటారు వాయిస్తూ పాడే లెస్టర్ ఫ్లాట్ 1948లో బయటికి వెళ్లి సొంత బృందం పెట్టుకున్నారని ఫ్లాట్‌తో ఇరవై ఏళ్లు దాటినా మాట్లాడలేదు, 1971లో గానీ చెయ్యి కలపలేదు. అదే రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1954లో ఈయన పాట 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ'ని తన మొదటి రికార్డులో ఇంకోలా పాడితే మాత్రం కోప్పడలేదు. పైగా తనూ ఆ ఊపులో మళ్లీ రికార్డు చేశాడు. రాయల్టీ మహిమ అనుకో!

ఇక ఆ మాండొలిన్. గిబ్సన్ కంపెనీ 1923లో చేసిన ఎఫ్-5 అనే రకం. 1940ల్లో మయామీలో ఒక సెలూన్‌లో అమ్మకానికి పెడితే నూటయాభై డాలర్లకు కొన్నాడు. 1950ల్లో రిపేరుకు కంపెనీకే పంపితే చెప్పిన పనులు సరిగా చెయ్యలేదని కోపమొచ్చి, తల మీదున్న "ద గిబ్సన్" అనే పేరులో "గిబ్సన్"ను కత్తితో గీకి పారేశాడు. "ద" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. పాతికేళ్ల పైన అలాగే స్టేజీ ఎక్కాడు, అదీ పౌరుషం.

1985 నవంబరులో ఎవరో ఆయన ఇంట్లో జొరబడి చలిమంట దగ్గరుండే ఇనప చువ్వతో దాన్ని చితక్కొట్టారు. వందల ముక్కలు, కొన్ని అగ్గిపుల్లంత. వాటినన్నిటినీ ఏరి ఇచ్చింది ఎవరికనుకున్నావ్? గిబ్సన్‌కే! అక్కడ చార్లీ డెరింగ్టన్ అనే పనివాడు చెక్క గీతకు గీత కలుపుతూ నెలల తరబడి కూర్చుని అతికించాడు. 1986 మొదట్లో చేతికొచ్చింది. ఆయన 1996లో పోయేదాకా దాన్ని వదల్లేదు.

అద్దానికి ముక్కు ఆనించి అతుకులెక్కడా అని వెతికాను బావా, నా కంటికి ఆనలేదు. నీది విరిగింది మెడ ఒక్కచోటే. ఆ షాపతని మాట వదిలెయ్. ముక్కలన్నీ, చిన్న పెచ్చుతో సహా, ఒక గుడ్డలో మూటకట్టి ఉంచు. తీగలు వదులు చెయ్యి. రేపు వెలుతురులో విరిగినచోట నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపు. సంక్రాంతికి వస్తున్నా.

ఉంటాను మరి. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.