మూత విప్పకుండానే ‘కొత్తది కొనండి’ అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

2017లో కొన్న మా ఇంటి కంప్యూటర్ ఈ మధ్య ఆన్ కావడానికే ఏడెనిమిది నిమిషాలు పట్టేది. మనవరాలు ప్రాజెక్టు వర్క్ టైప్ చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి పడేవి. దగ్గర్లోని రిపేరు షాపుకు తీసుకెళ్తే మూత కూడా విప్పకుండా ‘ఇది అయిపోయిందమ్మా, నలభై వేలు పెట్టి కొత్తది కొనండి’ అన్నారు. పింఛను మీద బతికే ఇంట్లో అది చిన్న మాట కాదు. రెండు రోజులు ఒకటే టెన్షన్.

పక్కింటి పాలిటెక్నిక్ అబ్బాయి వచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కాడు. ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీ, డిస్క్ మాత్రం వంద శాతం! పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంటే ముల్లు వెతుక్కుని చదవాలి, అందుకే ఆలస్యమట. దాని బదులు వాడే కొత్త రకం డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. ముందు ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చి బిగించాడు. మా కంప్యూటర్లో ఉన్న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మా ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోదు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాడు. ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకుంటోంది.

రిపేరు షాపులవారికి నా విన్నపం: ఏ భాగం పాడైందో చూసి, చీటీ మీద రాసివ్వండి. తీసేసిన హార్డ్ డిస్క్‌ను మా చేతికే ఇవ్వండి. అందులో మా ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్