ఫైర్‌వాల్ మాన్యువల్ ఏఐ ఏజెంట్ల కోసం కూడా రాయాలి

ఎడిటర్ గారికి,

సర్వర్ల పని ఏఐ ఏజెంట్లకు అప్పగిస్తున్నారు సరే, వాటికిచ్చే మాన్యువల్ సంగతి ఎవరు చూస్తున్నారు? ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్‌లో ఉండే యూఎఫ్‌డబ్ల్యూనే తీసుకోండి, సర్వర్‌లోకి ఏ కనెక్షన్ రావచ్చో రూల్స్‌తో తేల్చే ఫైర్‌వాల్ టూల్ అది. ఎస్‌ఎస్‌హెచ్‌కి, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతికి, ముందే అనుమతి ఇవ్వకుండా దాన్ని ఆన్ చేస్తే దూరం నుంచి మళ్లీ లాగిన్ అవ్వలేం. మనిషైతే కనెక్షన్ తెగొచ్చు అన్న హెచ్చరిక చూసి ఆగుతాడు, ఏజెంట్ మాత్రం ఆ ప్రశ్నే రాకుండా ఫోర్స్ ఆప్షన్ పెట్టేయొచ్చు, అదే నాకు పెద్ద టెన్షన్. ఇంకోటి, రూల్స్‌ని నంబర్ చెప్పి తీసేటప్పుడు ఒకటి పోగానే దాని కిందవాటి నంబర్లన్నీ మారిపోతాయి, పాత జాబితా పట్టుకుని రెండోది తీస్తే వేరే రూల్ ఎగిరిపోతుంది. యాప్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్ తెరిచిన పోర్టులైతే (బయటి కనెక్షన్లు వచ్చే దారులు) మామూలుగా ఈ రూల్స్‌కి అసలు చిక్కవు.

ఇవన్నీ ఎక్కడో చివరి పేజీలో కాదు, ఆయా కమాండ్ పక్కనే రాయండి. ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూడటం) చేయమని, ఒక్కో రూల్ తీశాక జాబితా మళ్లీ చదవమని, ఫోర్స్ వాడాలంటే మనిషిని అడగమని సూటిగా చెప్పండి.

– ఒక సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్